చివరి ఆయకట్టు

మా నడిగడ్డకు ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క తుంగభద్ర. పటంలో చూసినవాళ్లు ఈ నేలకు నీటి బాధ ఏముంటుందని అడుగుతారు. జవాబు కావాలంటే మానవపాడు, అలంపూరు వైపు కాలువ చివరన పొలమున్న రైతును కదిలించాలి. కర్ణాటకలో రాయచూరు జిల్లా రాజోలిబండ దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి అక్కడి నుంచి తవ్వుకొచ్చిన కాలువే మా ఆర్డీఎస్. కాగితం మీద మన వాటా 15.9 టీఎంసీలు, ఆయకట్టు 87,500 ఎకరాలు. చివరి చేనుదాకా నీళ్లు నిండుగా పారిన ఏళ్లు మాత్రం మా పెద్దవాళ్లకు వేళ్ల మీద గుర్తుంటాయి. నదిలో నీళ్లు లేక కాదు. కాలువలో పూడిక, దెబ్బతిన్న షట్టర్లు, పైన మళ్లించుకునే చేతులు. నీళ్లున్నాయి, కావలసిన రోజున కావలసిన చేనుకు అందవు.

నలభై దాటాక నాకు ఏడీహెచ్‌డీ అనే, ధ్యాసా కుదురూ అదుపులో ఉండని స్థితి ఉందని డాక్టరు చెప్పినప్పుడు నాకు ముందు తోచింది మా కాలువే. నా ధ్యాస తక్కువ కాదు. ఒక్కోసారి అది గట్లు తెగి పారుతుంది. నచ్చిన పుస్తకం చేతికొస్తే అన్నం సంగతి కూడా గుర్తురాదు. అదే ధ్యాస మీటరు బిల్లుకు, బ్యాంకు కాగితానికి, రేపు పొద్దున ఇవ్వాల్సిన నివేదికకు చుక్కయినా చేరదు. ఎక్కడికి పారాలో, ఎంతసేపు పారాలో నేను ఆజ్ఞాపించలేను. ఈ రుగ్మత అంతా ఆ షట్టరు దగ్గరే ఉంది.

ఇంకో మాట కూడా ఆరోజే తట్టింది. చేనెండినప్పుడు మా నాయనను ఊళ్లో ఎవరూ సోమరి అనలేదు. అందరూ కలిసి కాలువను తిట్టారు, పూడిక తియ్యమన్నారు, ధర్నాలు చేశారు. చివరికి 2018లో తుమ్మిళ్ల దగ్గర ఎత్తిపోతల పనులు మొదలయ్యాయి. తుంగభద్ర నీళ్లను మధ్యలోనే ఎత్తి ఆర్డీఎస్ కాలువలో పోసే పథకం అది. ఎండిన చేను పట్ల ఊరికి ఉన్న ఆ న్యాయబుద్ధి, పలక మరిచిపోయిన పిల్ల పట్ల ఉండదు. పిల్లనైతే సోమరి అంటాం, లెక్కలేనిదంటాం, ఒళ్లు వంగదంటాం. ఆ మాటలు విని పెరిగిన పిల్ల, పెద్దయ్యాక ఎవరూ అనకపోయినా తనను తానే అనుకుంటూ ఉంటుంది.

ఈ నింద మన ఊళ్లదే కాదు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో ఉపన్యాసాలిచ్చాడు. తెలివి ఉండీ కుదురుగా ఉండలేని, తమను తాము ఆపుకోలేని పిల్లల గురించి చెప్పాడు. వైద్యచరిత్రలో ఈ స్థితికి దొరికే తొలి వివరమైన వర్ణనల్లో అదొకటి. దానికి ఆయన చూపిన కారణం నైతిక నియంత్రణలో లోపం. అంత శ్రద్ధగా పిల్లలను గమనించిన మనిషి కూడా చివరికి నీతి దగ్గరే ఆగాడు. ఆ తర్వాత వైద్యులు దాన్ని మెదడు పని తీరులోకి తెచ్చారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో ధ్యాసను ముందుకు తెచ్చి కొత్త పేరు పెట్టింది. ఇప్పటి పేరు 1987లో వచ్చింది. చాలాకాలం దీన్ని పిల్లల జబ్బుగానే చూశారు, మీసాలొచ్చేనాటికి పోతుందనుకున్నారు. కొందరికి తగ్గుతుంది. చాలామందికి బయటి గెంతులు ఆగిపోయి లోపలి పరుగు మిగులుతుంది. పెద్దవాళ్లలో వందకు ఇద్దరు ముగ్గురికి ఉంటుందని వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసినవాళ్ల అంచనా. ఆ లెక్కన మన మండలాల్లో ప్రతి ఊళ్లో ఉంటారు. నేను వాళ్లను చూస్తూనే పెరిగాను, మా ఇంట్లోనే చూశాను, పేరు మాత్రం తెలియదు.

ఇక్కడ పత్తి చేల సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నాకు తెలిసిన అసలు విషయం చెప్పనట్టే.

గద్వాల ప్రాంతం సీడు పత్తికి పేరు పడింది. దేశంలో రైతులు నాటే హైబ్రిడ్ పత్తి విత్తనంలో మా నడిగడ్డ చేలది పెద్ద భాగమే. ఆ విత్తనం యంత్రంతో రాదు, పువ్వు పువ్వుకూ మనిషి చేతులే. చేనులో ఆడ సాళ్లు వేరు, మగ సాళ్లు వేరు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈరోజు మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేలోపు వెతికి పట్టుకోవాలి. గోటితో గిల్లి, పూరెక్కలు, పుప్పొడి తిత్తులు ఒలిచేసి, నడిమి కాడకు గాయం కాకుండా మిగల్చాలి. గుర్తుగా రంగు కాగితం తగిలించాలి. తెల్లారి మగ పువ్వు తెంపుకొచ్చి దాని పుప్పొడిని ఆ కాడకు అద్దాలి. ఇదే క్రాసింగ్. ఇంచుమించు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా రోజూ ఇదే పని. ఒక్క మొగ్గ తప్పిపోయి తనంతట తాను విచ్చుకుంటే ఆ కాయ విత్తనానికి పనికిరాదు.

ఇంత ఓపిక పని ఏడీహెచ్‌డీ ఉన్న మనిషికి చేతకాదని పుస్తకం చదివినవాళ్లు అనుకోవచ్చు. మా అమ్మతో పాటు సాలు పట్టినప్పుడు నా చేతిలో మొగ్గ తప్పింది తక్కువ. మేస్త్రి మా సాలును వేరేవాళ్లకు చూపించేవాడు. ఇన్నేళ్లకు వెనక్కి తిరిగి చూస్తే కారణాలు తెలుస్తున్నాయి. ఆ పనికి గడువు నెలాఖరు కాదు, ఈ సాయంత్రమే, మొగ్గ రేపటిదాకా ఆగదు. కాళ్లూ చేతులూ ఆడుతూనే ఉంటాయి. రెండు పక్కలా మనుషులుంటారు. ఎడమ సాల్లో అత్త పెళ్లి కథ, కుడి సాల్లో ఒదినె పాట, నేను వెనకబడితే ఎవరో ఒకరు "ఏమే, నిద్రబోతివా?" అని కేకేస్తారు. చేసిన పని కళ్ల ముందు రంగు కాగితమై వేలాడుతూ ఉంటుంది. పొద్దు గూకితే పని అయిపోయినట్టే, దాన్ని తలకెత్తుకుని ఇంటికి మోసుకుపోయేది లేదు.

ఆ చేనును నేను పొగడ్తకు వాడుకుంటున్నానని అనుకోవద్దు. సీడు పత్తి మా ప్రాంతంలో ఎందరో పిల్లలను బడి మాన్పించింది. పొట్టి మొక్కకు పొట్టి పిల్లల చేతులు అనువని చెప్పి పసివాళ్లను సాళ్లలో నిలబెట్టారు. అది తప్పు, ఇప్పటికీ ఎక్కడ జరిగినా తప్పే. నేను చెప్పేది పని అమరిక గురించి మాత్రమే. అదే పిల్ల చేనులో చురుకు, బడిలో మొద్దు అనిపించుకుంటే, తేడా పిల్లలో ఉందా, పని అమరిన తీరులో ఉందా అని ఎవరో ఒకరు అడగాల్సింది.

ఉత్తర కెన్యాలో అరియాల్ అనే పశువుల కాపరుల తెగ ఉంది. వాళ్లలో కొందరు మందలతో తిరుగుతారు, కొందరు ఒకచోట స్థిరపడ్డారు. డోపమైన్‌కు సంబంధించిన ఒక జన్యువులో, కొన్ని అధ్యయనాలు ఏడీహెచ్‌డీతో ముడిపెట్టిన ఒక రకం ఉంది. 2008లో అచ్చయిన పరిశోధనలో, ఆ రకం ఉన్నవాళ్లు తిరిగే గుంపులో మెరుగైన పుష్టితో కనిపించారు. స్థిరపడిన ఊళ్లలో అదే రకం ఉన్నవాళ్ల పుష్టి కొంచెం తక్కువగా ఉంది. ఒక చిన్న అధ్యయనం మీద పెద్ద సిద్ధాంతం కట్టకూడదు. అయినా పనుల కోసం దేశమంతా తిరిగిన పాలమూరు లేబర్ మధ్య పెరిగినదాన్ని, ఆ సంగతి చదివి చాలాసేపు ఆలోచనలో పడ్డాను.

తర్వాత నేను వ్యవసాయ విస్తరణ పనిలో చేరాను. పొలాల్లో తిరిగేటప్పుడు నాకు ఏ ఇబ్బందీ లేదు. ఏ సర్వే నంబరులో మిరప వేశారో, ఎవరి చేనులో ముడత వచ్చిందో చూడకుండా చెప్తాను. అవన్నీ ఎక్కించాల్సిన బల్ల ముందు కూర్చుంటే మాత్రం గంట గడిచినా వేళ్లు కదలవు. పని తెలియక కాదు, ఇష్టం లేక కాదు. దాన్ని మొదలుపెట్టే చోట ఏదో అడ్డుపడుతుంది. ఏడీహెచ్‌డీ మీద జీవితమంతా పనిచేసిన రస్సెల్ బార్క్‌లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ సంగతిని చాలా తేటగా వివరించాడు. ఈ మనుషులకు ఏం చెయ్యాలో తెలుసు, తెలిసినదాన్ని సమయానికి చెయ్యడం దగ్గరే వచ్చింది చిక్కు అంటాడాయన. కాబట్టి వీళ్లకు బుద్ధులు చెప్పి లాభం లేదు, పని జరిగే చోటనే, జరిగే క్షణానికే సాయం అందాలి. నాకు ఎన్నో ఏళ్లుగా అందినవన్నీ బుద్ధులే.

2024 మే నెలలో ఫహద్ ఫాజిల్ కేరళలోని కోతమంగళంలో ఒక సభలో, తనకు నలభై ఒకటో ఏట ఏడీహెచ్‌డీ నిర్ధారణ అయిందని చెప్పారు. మలయాళంలో ఆయన ఎంత పెద్ద నటుడైనా మా ఊళ్లలో ఆయన పుష్ప సినిమా షెకావత్ సారే. ఆ వార్తను మా తమ్ముడు ఫోన్లో పంపించి "అక్కా, ఇది సదువు" అని ఒక్క ముక్క రాశాడు. చదివాను. ఆయన కథ నా కథ కాదు, ఆయన పనీ నా పనీ ఒకటి కావు. కానీ నలభై దాటాక కూడా దీన్ని కనిపెట్టవచ్చని, కనిపెట్టాక కూడా పని చేసుకుంటూ బతకవచ్చని ఒక తెలిసిన ముఖం చెప్పడం నాకు ధైర్యమిచ్చింది. అంతవరకు నేను మందులు వాడింది దిగులుకు, గుండె దడకు. దిగులు ఎందుకు వస్తుందో వెనక్కి తవ్వినవాళ్లు లేరు. పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఇలా జరగడం మామూలేనని తర్వాత తెలిసింది. బెంచీలెక్కి దూకే మగపిల్లాడు టీచరు కంట్లో పడతాడు. కిటికీలోంచి బయటకు చూస్తూ నిశ్శబ్దంగా తప్పిపోయే ఆడపిల్ల ఎవరికీ అడ్డు కాదు, కాబట్టి ఎవరికీ కనపడదు.

తుంగభద్ర వంతెన దాటితే కర్నూలు. చదువైనా వైద్యమైనా మానవపాడు వాళ్లకు దగ్గరి పట్నం అదే. అక్కడ నన్ను చూసిన మానసిక వైద్యురాలు రక్తపరీక్షతో ఇది తేలదని మొదటే చెప్పింది. థైరాయిడ్, రక్తహీనత వంటివి కాదని చూసుకోవడానికి పరీక్షలు రాసింది గానీ, అసలు నిర్ధారణ మాటల్లోనే జరిగింది. చిన్నప్పటి నుంచి తవ్వింది. ఇప్పటి ప్రమాణాల ప్రకారం పెద్దవాళ్లలో, తొమ్మిదేసి లక్షణాలున్న రెండు జాబితాల్లో ఏదో ఒకదానిలోనైనా కనీసం ఐదు ఉండాలి. అవి పన్నెండేళ్లలోపే కొంత కనిపించి ఉండాలి, ఇంట్లోనూ పనిలోనూ ఒకటికి మించిన చోట్ల ఇబ్బంది పెట్టాలి. 2013కు ముందు ఏడేళ్లలోపే కనిపించాలనే నియమం ఉండేది. ఈ కాలంలో అందరికీ ఇదే ఉంది, అంతా సెల్‌ఫోన్ల పుణ్యం అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే: మా ఊరికి సెల్‌ఫోన్ రాకముందటి నా బాల్యాన్ని చూసి డాక్టరు నిర్ధారించింది. ఫోన్ చూసి చెదిరే మనసు వేరు, పుట్టుకతో వచ్చిన ఈ తీరు వేరు. ఫోన్ వచ్చాక మా బాధ ఎక్కువైన మాట మాత్రం నిజం.

చిన్నప్పటి సంగతులు చెప్పడానికి నేనొక్కదాన్నే చాలనని డాక్టరు మా అమ్మకు ఫోన్ కలిపింది. అమ్మ మొహమాటం లేకుండా చెప్పింది.

"సదువులో సురుకే మేడం. కానీ బడికి పోయేటప్పుడు పలక ఇంట్లో మర్సిపోతాండె, వచ్చేటప్పుడు చెప్పులు బళ్లో. నీళ్లకు పంపితే బిందె బోరింగుకాడ్నే. మాట సెప్తాంటే మద్దెన్నే యాడికో ఎల్లిపోతాది."

డాక్టరు రాసుకుంటూ ఉంటే అమ్మ కాసేపు ఆగి మళ్లీ అంది, "వాళ్ల నాయన గూడ ఇట్లనే మేడం. సంతకు పోయి, ఏం కొనాలని పోయినాడో మర్సి, ఇంకేందో తెస్తుండె. మంచోడే, పాపం."

ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో పారంపర్యంగా వస్తుందని, కవలల మీద జరిగిన అధ్యయనాల్లో దీని వంశపారంపర్య ప్రభావం డెబ్భై శాతం పైనే తేలిందని డాక్టరు చెప్పింది. అంటే దాదాపు ఎత్తు పొట్టి వచ్చినంతగా. నాకు ఆ అంకె కంటే అమ్మ చివరి మాట గుర్తుండిపోయింది. ఆమె ఒక మనిషితో అన్నేళ్లు కాపురం చేసి, అతను మరిచిపోయినవన్నీ తాను గుర్తుపెట్టుకుని, పేరు తెలియని ఒక బరువును సగం మోసింది. తీర్పు మాత్రం మంచోడే అని.

నిర్ధారణ అయిన కొత్తలో ఊరట. ఆ తర్వాత వచ్చింది దుఃఖం. ఇంతకుముందే తెలిసి ఉంటే రాసి ఉండే పరీక్షలు, నిలబడి ఉండే స్నేహాలు, తిట్టుకోకుండా గడిచి ఉండే రాత్రులు అన్నీ లెక్కకొస్తాయి. పెద్దయ్యాక తెలిసినవాళ్లలో చాలామంది ఈ దుఃఖం దాటే వస్తారు. దాన్ని తొందరపెట్టకూడదని నా నమ్మకం. పక్కనున్నవాళ్లు "ఇప్పుడు తెలిసింది కదా, ఇంకేం బాధ" అనకుండా ఉంటే అదే పెద్ద సాయం.

మందు గురించి భయాలు చాలా ఉన్నాయి కాబట్టి నిదానంగా చెప్తాను. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు తలనొప్పి తగ్గిద్దామని కొందరు పిల్లలకు బెంజిడ్రిన్ ఇచ్చి చూశాడు. తలనొప్పి సంగతి ఎట్లున్నా వాళ్లు బడిపనిలో కుదురుకున్నారు. ఉత్సాహాన్ని పెంచే మందు కుదురునివ్వడం అప్పట్లో వింత. మెదడులో డోపమైన్, నోరెపినెఫ్రిన్ అనే రసాయనాల పని మెరుగుపడి, అడ్డుకునే శక్తి, ఆగే శక్తి పెరుగుతాయని ఇప్పుడు వివరిస్తున్నారు. 1944లో తయారైన మిథైల్‌ఫెనిడేట్ ఈనాటికీ ప్రధానమైన మందు. మన దేశంలో అది మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం కింద ఉంది. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వరు, చిన్న ఊళ్ల మెడికల్ షాపుల్లో దొరకదు. అటామోక్సెటిన్ అనే ఇంకో రకం మందు ఆ కోవలోది కాదు, దాని గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. బీపీ, నాడి, ఆకలి, నిద్ర చూసుకుంటూ డాక్టరు మోతాదు మారుస్తుంది. ఎవరి మందు వాళ్లకే, ఒకరిది ఒకరు మింగే పని పెట్టుకోవద్దు.

మందు నాకు ఏం చేసింది? మొదలుపెట్టే చోట ఉన్న అడ్డు పలచబడింది. బల్ల ముందు కూర్చుంటే పని మొదలవుతోంది. అంతే, కానీ ఆ అంతే ఎంత పెద్దదో ఈ బాధ పడ్డవాళ్లకే తెలుస్తుంది. మందు ఒక్కటే చాలదని కూడా త్వరగానే అర్థమైంది. ఎత్తిపోతల నుంచి నీళ్లొచ్చినా పంట కాలువ తవ్వుకోకపోతే చేనులోకి రావు. అమెరికాలో స్టీవెన్ సాఫ్రెన్ బృందం 2010లో జామా పత్రికలో అచ్చేసిన పరిశోధనలో ఇదే తేలింది. మందు వాడుతున్నా ఇంకా ఇబ్బంది పడుతున్న పెద్దవాళ్లకు, రోజును అమర్చుకోవడం, పనిని ముక్కలు చేసుకోవడం, మనసు చెదిరినప్పుడు తిరిగి రావడం నేర్పే మానసిక చికిత్స జోడిస్తే లక్షణాలు ఇంకా తగ్గాయి.

నేను తవ్వుకున్న కాలువలన్నిటికీ నియమం ఒక్కటే. తలలో ఉంచుకోవాల్సినదాన్ని తల బయట పెట్టాలి. "గుర్తు పెట్టుకుంటాలే" అనే మాటను నా నోట్లోంచి తీసేశాను. అడిగినవాళ్ల ముందే రాసుకుంటాను, లేకపోతే వాళ్లనే ఫోన్లో పంపమంటాను. పంట వివరాలు ఆఫీసుకు పోయి ఎక్కిద్దాంలే అనుకోను, గట్టు దిగకముందే అక్కడే నిలబడి ఎక్కిస్తాను. రైతు కూడా పక్కనే ఉంటాడు, తప్పుంటే దిద్దుతాడు. కరెంటు, బీమా, గ్యాసు డబ్బులు బ్యాంకులోంచి వాటంతటవే పోయేట్టు పెట్టుకున్నాను. తాళం చెవులకు, కళ్లజోడుకు, సంచికి తలుపు పక్క ఒకే కొక్కెం. నెల తర్వాత గడువున్న పని నాకు కనపడదు కాబట్టి దాన్ని వారం వారం గడువులుగా కోసి, ప్రతి వారం ముక్కను చూపించాల్సిన ఒక మనిషిని ఏర్పాటు చేసుకున్నాను. ఇప్పుడు నా పనికి మళ్లీ సాయంత్రం గడువు వచ్చింది.

అన్నిటికంటే పనికొచ్చింది జతకు మనిషి. పక్కన ఇంకొకరు తమ పని తాము చేసుకుంటూ కూర్చుంటే నా పని సాగుతుంది. వాళ్లు సాయం చెయ్యక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. పట్నాల్లో దీన్ని ఇప్పుడు ఒక పద్ధతిగా నేర్పుతున్నారు. మా ఊళ్లలో కలుపు తియ్యడానికి బదులు పోవడం, మిద్దె మీద నలుగురు కలిసి వడియాలు పెట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. ఒంటరిగా ఒక గదిలో, ఒక తెర ముందు, దూరంగా ఉన్న గడువు కోసం పని చేసే మనిషే కొత్త. ఆ బతుకులోకి వచ్చాక మాలాంటివాళ్లు ఎక్కువగా విరిగారు. కాబట్టి నెలాఖరు కాగితాల రోజున నేను సిగ్గుపడకుండా తోటి ఉద్యోగిని అడుగుతాను, "ఒదినె, నా దగ్గర కాసేపు కూసో" అని. ఆమె తన లెక్కలు తెచ్చుకుని కూర్చుంటుంది.

ఇంట్లో పని పంపకం కూడా మార్చుకున్నాం. తేదీలు గుర్తుంచుకోవాల్సినవి మా ఆయన చూస్తాడు. ఉన్నట్టుండి మీద పడేవి నేను చూస్తాను. రాత్రిపూట ఆసుపత్రికి పోవాలన్నా, చుట్టాలు చెప్పకుండా దిగినా, వాన ముంచుకొచ్చి కల్లంలో మిరపకాయలు ఎత్తాల్సి వచ్చినా నా బుర్ర అప్పుడు చాలా నిలకడగా పనిచేస్తుంది. భార్య అన్నీ గుర్తుంచుకోవాలి, భర్తకు అందించాలి అనే ఆనవాయితీ మీద నిలబడ్డ ఇళ్లలో ఈ మార్పు తేలిగ్గా రాదు. మా ఇంట్లోనూ రాలేదు, కూర్చుని మాట్లాడుకుంటే వచ్చింది. మా అత్త మొదట్లో ముఖం ముడిచినా, డాక్టరు మాటలు విన్నాక "అట్లయితే నాకు ముందే సెప్పకపోతివి" అని నా పక్కనే నిలబడింది.

నిద్ర సరిగా లేని రోజు మందు కూడా పని చెయ్యదు. రోడ్డు సంగతి ఇంకా ముఖ్యం. మా మండలం పక్కనుంచే 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. స్వీడన్‌లో ఏడీహెచ్‌డీ ఉన్న వేలమంది రికార్డులు పరిశీలించి 2014లో అచ్చేసిన అధ్యయనంలో, వీళ్లకు తీవ్రమైన రోడ్డు ప్రమాదాలు ఎక్కువని, మగవాళ్లలో మందు వాడిన కాలంలో ఆ ప్రమాదాలు బాగా తగ్గాయని తేలింది. ధ్యాస చెదిరే మనిషి హైవే మీద బండి నడపడం అందరి ప్రాణాల విషయం. నేను అలసిన రోజున బండి తియ్యను. మానవపాడు స్టేషన్‌లో రైలు ఎక్కుతాను, లేకపోతే బస్సు.

ఈ మధ్య ఏడీహెచ్‌డీని ఒక వరంగా, అద్భుత శక్తిగా చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్ల ఉద్దేశం మంచిదే, సిగ్గు పోగొట్టాలని. నేను ఒప్పుకోలేను. మా నాయన అప్పుల పాలయింది దీనివల్ల కూడా. ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లను, కాపురాలు చెడినవాళ్లను, తాగుడుకు మళ్లినవాళ్లను చూశాను. వరమంటే వాళ్లకు చికిత్స ఎవరు అడుగుతారు? అలాగని మనిషంతా లోపమే అనడమూ అబద్ధం. ఒక అమరికలో మేము కుప్పకూలతాం, ఇంకో అమరికలో నలుగురి కంటే ముందుంటాం. రెండూ నిజమే. బాగా బతకడమంటే రెండో అమరికను వెతుక్కుని, దొరకకపోతే కట్టుకుని, అది కట్టుకోవడానికి సాయమడిగే హక్కు మనకుందని నమ్మడం.

ఆ హక్కు ఇంకా కాగితం మీద కూడా సరిగా లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఇరవై ఒకటికి పెంచింది. అందులో చదవడం, రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులున్నాయి, ఏడీహెచ్‌డీ పేరు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ సేవల్లో చికిత్స పొందే హక్కు ఇచ్చింది. హక్కు ఉన్నా, మానవపాడు మనిషి దాన్ని వాడుకోవాలంటే ఇప్పటికీ కర్నూలో హైదరాబాదో పోవాలి.

గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి పెద్దలను నేను కోరేది చిన్నదే. వారానికి ఒక్క పూట, పిల్లలకే కాదు, పెద్దవాళ్లకు కూడా ఏడీహెచ్‌డీ చూసే ఓపీ పెట్టండి. మందు గద్వాలలోనే దొరికేట్టు చూడండి. నడిగడ్డ బడుల్లో పనిచేసే పంతుళ్లను పిలిచి, కిటికీలోంచి బయటకు చూసే ఆడపిల్లను ఎలా గమనించాలో ఒక్కరోజు చెప్పండి.

ఇది చదువుతూ తన సంగతో, ఇంట్లో ఎవరి సంగతో గుర్తొచ్చినవాళ్లు వేరే ఎవరినీ అడగలేకపోతే 14416కు ఫోన్ చెయ్యండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.